పాత కారులో హీటర్ పనిచేయకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

అక్టోబరు చివర్లో మొదటి చలిగాలి తగలగానే అమెరికాలో మిషిగన్, ఒహైయో, ఇల్లినాయి వైపు చదువుకుంటున్న మన పిల్లల నుంచి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, హీటర్ ఆన్ చేస్తే చల్లగాలి వస్తోంది." అందరివీ పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి కార్లే. వేసవిలో సీనియర్ల దగ్గర కొన్నవి. గ్యారేజీకి వెళ్తే ఎంత అడుగుతారోనని టెన్షన్. వాళ్ళకు ఫోన్లో చెప్పే జవాబులన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇవి మామూలు పెట్రోల్ కార్ల గురించి. హైబ్రిడ్లకూ ఎలక్ట్రిక్ కార్లకూ కొన్ని విషయాలు వేరుగా ఉంటాయి.

అసలు కారు హీటర్‌కి వేడి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంజన్ నుంచే. ఇంట్లో హీటర్ లాగా దీంట్లో కరెంటుతో కాలే తీగ ఉండదు. పెట్రోలు మండినప్పుడు పుట్టే శక్తిలో చాలా భాగం వేడిగానే పోతుంది. ఆ వేడిని కూలెంట్ అనే ద్రవం ఇంజన్ నుంచి మోసుకొస్తుంది. అందులో కొంత డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్తుంది, దాన్ని హీటర్ కోర్ అంటారు. ఫ్యాన్ ఆ కోర్ మీదుగా గాలిని తోస్తే వేడి గాలి మన మీదికి వస్తుంది. కట్టెల పొయ్యి మీద అన్నం దించాక ఆ నిప్పుల మీదే స్నానానికి నీళ్ళు పెట్టేవాళ్ళు కదా, ఇదీ అంతే, మిగులు వేడిని వాడుకోవడం.

అందుకే హీటర్ చల్లబడిందంటే దాన్ని చలి సమస్యగా మాత్రమే చూడొద్దని బతిమాలుతుంటాను. చాలాసార్లు అది ఇంజన్‌లో కూలెంట్ తగ్గిందని ముందే తెలిపే కబురు. దుప్పటి కప్పుకుని నడిపేస్తే, కొన్నాళ్ళకు ఇంజనే పోవచ్చు.

స్టార్ట్ చేశాక ఎంతసేపటికి వేడి గాలి రావాలి?

సున్నా డిగ్రీల దగ్గర, మామూలుగా నడుపుతుంటే అయిదు నుంచి పది నిమిషాలు. మైనస్ 15, 20 సెల్సియస్‌లో ఇంకొంచెం పడుతుంది. కారు నిలబెట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచితే వేడెక్కడానికి చాలా సేపు పడుతుంది. అద్దాల మీద మంచు గీకేసి, ఒక నిమిషం ఆగి, నెమ్మదిగా నడుపుతూ వెళ్ళడమే త్వరగా వేడెక్కే దారి. డాష్‌బోర్డు మీద ఇంజన్ వేడిని చూపే ముల్లు కదిలేదాకా ఫ్యాన్ తక్కువలో పెట్టండి. పావుగంట నడిపినా గాలి గోరువెచ్చగానే ఉంటే, అప్పుడు వెతకడం మొదలుపెట్టాలి.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి? నాకు మెకానిక్ పని ఏమీ రాదు.

రాకపోయినా ఫరవాలేదు. ఒక టార్చి, ఒక పాత గుడ్డ, అరగంట సమయం చాలు. ఈ వరుసలోనే చూడండి.

రాత్రంతా నిలిపి ఉంచిన కారు బానెట్ పొద్దున్నే తెరవండి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉండాలి. కూలెంట్ ఉండే తెల్లటి ప్లాస్టిక్ ట్యాంకు మీద కనిష్ఠం, గరిష్ఠం అని రెండు గీతలు ఉంటాయి. ద్రవం వాటి మధ్య ఉందో లేదో చూడండి. అక్కడితో ఆగకండి. పాత కార్లలో చాలావాటికి రేడియేటర్ మీద కూడా విడిగా ఒక మూత ఉంటుంది. ట్యాంకు నిండుగా కనిపిస్తూ రేడియేటర్ ఖాళీగా ఉన్న కార్లు నేను చాలా చూశాను. మూత పాడైతే ట్యాంకులో ఉన్నది వెనక్కి లోపలికి రాదు. అందుకే మూత తీసి చూడండి, ద్రవం అంచుదాకా కనిపించాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం ఆ మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీయగానే ఒక్కసారిగా ఉప్పొంగి మొహం మీదికి చిమ్ముతుంది.

తర్వాత మూత బిగించి, కారు స్టార్ట్ చేసి, పావుగంట నడపండి. ఉష్ణోగ్రత ముల్లు ఎక్కడికి వస్తోందో గమనించండి. మంచి కారులో అది మధ్యకు దగ్గరగా వచ్చి అక్కడే నిలుస్తుంది.

కారు ఆపి, హీటర్ నాబ్‌ని పూర్తి వేడి వైపు తిప్పి, ఇంజన్ ఆన్‌లోనే ఉంచి మళ్ళీ బానెట్ తెరవండి. ఇంజన్‌కూ డాష్‌బోర్డుకూ మధ్య ఉన్న ఇనుప గోడలోకి బొటనవేలంత లావున రెండు రబ్బరు గొట్టాలు పక్కపక్కనే వెళ్తుంటాయి. అవే హీటర్ గొట్టాలు. తిరిగే ఫ్యాన్‌కూ బెల్టుకూ దూరంగా ఉండి, గుడ్డ పట్టుకుని ఒక్కొక్కదాన్ని ఒక్క క్షణం తాకండి. స్కార్ఫు, జాకెట్ తాళ్ళు వేలాడకుండా చూసుకోండి.

రెండూ వేడిగా ఉంటే కోర్‌లోకి వేడి చేరుతోంది, లోపం డాష్‌బోర్డు లోపల ఉంది. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే కోర్ మూసుకుపోయింది, లేదా దారిలో ఉన్న వాల్వు తెరుచుకోలేదు. రెండూ చల్లగా ఉంటే కూలెంట్ తక్కువగా ఉంది, లేదా ఇంజనే వేడెక్కడం లేదు. ఈ ఒక్క పరీక్ష మీకు ఎన్నో వందల డాలర్లు మిగిల్చగలదు. కింద ఉన్న ప్రశ్నల్లో మీది ఏదో దీన్నిబట్టే తేలుతుంది.

ముల్లు పైకి రావడమే లేదు. హైవే ఎక్కితే ఇంకా కిందికి పోతోంది. ఎందుకు?

థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. ఇది ఇంజన్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే చిన్న తలుపు. లోపల ఉన్న మైనం కరిగి ఉబ్బినప్పుడు తెరుచుకుంటుంది. చాలా కార్లలో 82 నుంచి 90 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకునేలా తయారుచేస్తారు. అది మూసుకోవడం మానేస్తే, చల్లటి ఇంజన్‌లోని కూలెంట్ కూడా మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లోకి పోతుంది. హైవే మీద ఎదురుగాలి దాన్ని ఇంకా చల్లబరుస్తుంది.

అమెరికాలో 1996 తర్వాత అమ్మిన కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది, కారు కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్‌లను దాని నుంచి చదవొచ్చు. చెక్ ఇంజన్ లైటు వెలిగి, ఆ సాకెట్‌కి పెట్టే స్కానర్‌లో పీ0128 (P0128) అని వస్తే ముందు అనుమానించాల్సింది థర్మోస్టాట్‌నే. కూలెంట్ తక్కువైనా ఈ కోడ్ రావచ్చు కాబట్టి ముందు అది చూసుకోండి. స్కానర్ లేకపోతే పెద్ద ఆటో పార్ట్స్ దుకాణాల్లో చాలాచోట్ల ఉచితంగానే చదివిపెడతారు. విడిభాగం ఖరీదు చాలా కార్లకు తక్కువే. పనిముట్లు వాడటం తెలిసిన స్నేహితుడు పక్కనుంటే శనివారం మధ్యాహ్నం అయిపోయే పని. గాస్కెట్ (కూలెంట్ కారకుండా అంచున పెట్టే సీలు) కొత్తది వేయండి, పాతది మళ్ళీ వాడకండి.

రేడియేటర్ ముందు అట్టముక్క పెడితే వేడెక్కుతుందని కొందరు చెబుతారు. ఒక రాత్రి ఇల్లు చేరడానికి, అదీ ముల్లు మీద కన్ను వేసి ఉంచితే సరే. దాంతోనే చలికాలం గడపొద్దు.

కారు కదులుతుంటే వేడి వస్తోంది, సిగ్నల్ దగ్గర ఆగితే చల్లబడుతోంది. ఇదేం వింత?

ఇది కూలెంట్ తగ్గిన కారు చెప్పే మాట. హీటర్ కోర్ సాధారణంగా ఎత్తులో ఉంటుంది. కూలెంట్ తగ్గితే గాలి బుడగ అక్కడే చేరుతుంది. ఇంజన్ వేగంగా తిరిగినప్పుడు వాటర్ పంపు బలంగా తోస్తుంది కాబట్టి కాస్త వేడి కూలెంట్ కోర్ దాకా వస్తుంది. ఆగగానే అదీ ఉండదు. కొన్నిసార్లు డాష్‌బోర్డు వెనక నీళ్ళు గలగలలాడే శబ్దం కూడా వినిపిస్తుంది.

నా మొదటి చలికాలంలో నాకు జరిగింది ఇదే. ఒక గ్యారేజీలో చూడకుండానే హీటర్ కోర్ మార్చాలి, డాష్‌బోర్డు మొత్తం విప్పాలి అన్నారు. వాళ్ళు చెప్పిన అంకె అప్పటి నా రెండు నెలల అద్దె. డబ్బు లేక వెనక్కి వచ్చాను. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన రేడియేటర్ మూత తీసి చూపించారు, లోపల ద్రవం కనిపించనే లేదు. కింది గొట్టం క్లాంపు వదులై కొద్దికొద్దిగా కారుతోంది. క్లాంపు మార్చి, కూలెంట్ నింపి, గాలి తీసేస్తే సరిపోయింది. ఆ రోజు నుంచీ, కూలెంట్ చూడకుండా ఎవరికీ ఏ సలహా ఇవ్వను.

కూలెంట్ నింపాక మళ్ళీ తగ్గుతోందంటే లీకు ఉన్నట్టే. ఎక్కడుందో కనిపెట్టేదాకా వదలకండి. కూలెంట్ నిండుగానే ఉండి ఇదే లక్షణం కనిపిస్తే వాటర్ పంపు బలహీనపడి ఉండొచ్చు.

గాలి బుడగ ఎలా తీయాలి?

చల్లటి ఇంజన్‌తో, కారు ముందు భాగం ఎత్తులో ఉండేలా ఏటవాలుగా నిలిపి, హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేయండి. రేడియేటర్ మూత తీసి అంచుదాకా కూలెంట్ పోయండి. హీటర్ పూర్తి వేడి మీద, ఫ్యాన్ తక్కువ మీద పెట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. బుడగలు వస్తుంటాయి, ద్రవం దిగుతుంటుంది, పోస్తూ ఉండండి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు మట్టం ఒక్కసారిగా పడిపోతుంది, మళ్ళీ నింపండి. బుడగలు ఆగి, రెండు హీటర్ గొట్టాలూ వేడెక్కి, లోపల వేడి గాలి వస్తే పని అయినట్టు. ద్రవం పైకి పొంగే సూచన కనిపిస్తే ఇంజన్ ఆపేసి పక్కకు జరగండి. మూతకు బిగుసుకునే పెద్ద గరాటు దొరికితే ఈ పని సులువు. కొన్ని కార్లలో గాలి తీయడానికి ప్రత్యేకంగా ఒక స్క్రూ ఉంటుంది, యజమాని పుస్తకంలో చూడండి.

మర్నాడు పొద్దున్న చల్లటి ఇంజన్ మీద మట్టం మళ్ళీ చూడటం మరచిపోవద్దు.

కూలెంట్ బదులు మామూలు నీళ్ళు పోయొచ్చా?

ఇక్కడి చలికాలంలో వద్దు. ఊళ్ళో రేడియేటర్‌లో నీళ్ళు పోయడం చూసి పెరిగాం కాబట్టి చేతికి అదే అలవాటు. కానీ నీళ్ళు గడ్డకట్టినప్పుడు తొమ్మిది శాతం దాకా వ్యాకోచిస్తాయి. ఒక్క రాత్రిలో రేడియేటర్ పగలొచ్చు, ఇంజన్ బ్లాకే చిట్లొచ్చు. సగం నీళ్ళు, సగం యాంటీఫ్రీజ్ (నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్) కలిపితే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. "చిక్కగా ఉంటే ఇంకా మంచిది కదా" అని ఉత్త యాంటీఫ్రీజ్ పోయకండి. అది ఒక్కటే అయితే మైనస్ 13 దగ్గరే గడ్డకట్టడం మొదలుపెడుతుంది.

సీసా కొనేటప్పుడు ముందే నీళ్ళు కలిపినదో, కలుపుకోవాల్సినదో చదివి కొనండి. రంగు చూసి కొనకండి. పచ్చ, ఎరుపు, నారింజ రంగులకు కంపెనీలన్నిటికీ ఒకే నియమం లేదు. మీ కారు పుస్తకంలో రాసిన రకమే సరైనది.

ఇంకో మాట. ఇథిలీన్ గ్లైకాల్ ఉన్న కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. నేల మీద ఒలికితే కుక్కలు, పిల్లులు నాకుతాయి, చిన్నపిల్లలు చేతులు పెడతారు. వెంటనే తుడిచి కడగండి. పాత కూలెంట్‌ని వాన నీటి కాలువలో పారబోయకండి, ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో తీసుకుంటారు.

ఒక గొట్టం చెయ్యి కాలేంత వేడిగా ఉంది, రెండోది చల్లగా ఉంది. కోర్ మార్చాల్సిందేనా?

వెంటనే కాదు. ముందు గొట్టం మీద హీటర్ వాల్వు ఉందేమో చూడండి. కొన్ని పాత కార్లలో నాబ్ తిప్పితే సన్నటి కేబుల్ ఆ వాల్వుని లాగుతుంది. కేబుల్ ఊడిపోయినా, వాల్వు బిగుసుకుపోయినా వేడి లోపలికి పోదు. ఒకరు నాబ్ తిప్పుతుంటే ఇంకొకరు చూస్తే నిమిషంలో తెలుస్తుంది.

వాల్వు బాగుంటే కోర్‌లో తుప్పు, మడ్డి చేరినట్టు. రెండు గొట్టాలూ విప్పి, కూలెంట్‌ని పాత్రలో పట్టి, రోజూ ప్రవహించే దిశకు ఎదురుగా నీళ్ళు పంపాలి. అంటే బయటికి వచ్చే గొట్టంలోంచి లోపలికి. కుళాయిని కొంచెమే తెరవండి, పాత కోర్ ఎక్కువ ఒత్తిడికి పగిలిపోతుంది. గోధుమరంగు నీళ్ళు తేటపడేదాకా రెండు దిశల్లోనూ మార్చి మార్చి పంపండి. ఆ నీళ్ళలోనూ కూలెంట్ కలిసి ఉంటుంది, అవీ పాత్రలోకే పట్టాలి. గడ్డకట్టే చలి ఉన్న రోజున ఈ పని చేయకండి. చివర్లో కోర్‌లో మిగిలిన నీటిని నోటితో కాకుండా చేతిపంపుతో ఊది బయటికి తోసి, సరైన కూలెంట్ నింపండి. నేను చూసినవాటిలో చాలా కార్లు దీనితోనే బాగుపడ్డాయి.

రెండు గొట్టాలూ వేడిగా ఉన్నాయి. అయినా చల్లగాలే.

డాష్‌బోర్డు లోపల బ్లెండ్ డోర్ అనే పలక ఉంటుంది. గాలిని కోర్ మీదుగా పంపాలా, పక్కనుంచి పంపాలా అనేది అదే నిర్ణయిస్తుంది. దాన్ని తిప్పే చిన్న మోటారు పళ్ళు అరిగితే నాబ్ తిప్పినప్పుడు టక్ టక్ మని ఆగకుండా శబ్దం వస్తుంది. కుడి వైపు వేడి, ఎడమ వైపు చల్లన వచ్చే కార్లలో కూడా చాలాసార్లు కారణం ఇదే, కూలెంట్ తగ్గినా అలా జరగొచ్చు. కొన్ని కార్లలో గ్లవ్ బాక్స్ తీస్తే మోటారు చేతికి అందుతుంది, కొన్నిట్లో చాలా లోపలికి వెళ్ళాలి. మీ మోడల్‌కి ఎలాగో ముందు తెలుసుకున్నాకే ఒప్పుకోండి.

ఫ్యాన్ నాలుగో నంబరులో మాత్రమే తిరుగుతోంది.

బ్లోవర్ రెసిస్టర్ కాలిపోయింది. తక్కువ వేగాలకు కరెంటు దాని గుండా పోతుంది, ఎక్కువ వేగానికి నేరుగా పోతుంది, అందుకే ఆఖరి నంబరు ఒక్కటే మిగులుతుంది. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ కింద, రెండు మూడు స్క్రూలతో ఉంటుంది. దాని ప్లగ్గు కరిగి ఉంటే ప్లగ్గు కూడా మార్చాలి. ఫ్యాన్ అసలు తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, ఆ తర్వాత మోటారు చూడండి. గాలి సన్నగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. ఆకులతో, దుమ్ముతో నిండిపోయి ఉండొచ్చు.

కారులో తియ్యటి వాసన వస్తోంది, అద్దం మీద జిడ్డు పొర పడుతోంది.

హీటర్ కోర్ కారుతోంది. ముందు సీటులో ప్రయాణికుడి కాళ్ళ కింద కార్పెట్ నొక్కి చూడండి. తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటే కూలెంట్. వాసన లేని మామూలు నీళ్ళయితే ఏసీ నీరు పోయే గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు, దానికి భయం లేదు. కోర్ కారితే మార్చడం తప్పదు. భాగం ధర కంటే డాష్‌బోర్డు విప్పే కూలీయే ఎక్కువ. డబ్బు కుదిరేదాకా రెండు గొట్టాలనీ కోర్‌తో సంబంధం లేకుండా ఒకదానికొకటి కలిపేయవచ్చు, ఇంజన్ క్షేమంగా ఉంటుంది. కానీ హీటరూ ఉండదు, అద్దం మీద మంచూ కరగదు. కాబట్టి చలికాలానికి అది పరిష్కారం కాదు.

లీకుని మూసే ద్రవాలు అమ్ముతున్నారు కదా, అవి పోస్తే?

నేను పోయను. రేడియేటర్ చిల్లును పూడ్చే పదార్థం హీటర్ కోర్‌లోని సన్నటి దారులనూ పూడ్చగలదు. ఒక చిన్న లీకుతో వచ్చిన కారు అలా హీటరే లేని కారుగా మారడం కళ్ళారా చూశాను.

ఎక్కడా లీకు కనిపించదు, కూలెంట్ మాత్రం తగ్గుతోంది.

ఇది తేలిగ్గా తీసుకోకూడనిది. హెడ్ గాస్కెట్ (ఇంజన్ బ్లాకుకూ దాని పై భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి కూలెంట్ ఇంజన్ లోపల కాలిపోతుండొచ్చు. ఇంజన్ వేడెక్కాక కూడా పొగగొట్టం నుంచి తెల్లటి పొగ తియ్యటి వాసనతో రావడం, ఇంజన్ ఆయిల్ మజ్జిగలా తెల్లబారడం, రేడియేటర్‌లో ఆగని బుడగలు దీని గుర్తులు. చలిలో స్టార్ట్ చేసిన మొదటి కొన్ని నిమిషాలు వచ్చే తెల్లటి ఆవిరి మామూలే, దాన్ని చూసి కంగారు పడొద్దు. ముల్లు ఎర్రగీత వైపు వెళ్తూ హీటర్ చల్లబడితే వెంటనే కారు పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఇంకో రెండు మైళ్ళే కదా అని నడిపితే ఇంజన్ మిగలదు.

సిగరెట్ సాకెట్‌కి పెట్టే చిన్న హీటర్ కొంటే సరిపోదా?

సరిపోదు. 12 వోల్టుల సాకెట్ 15 ఆంపియర్లు ఇచ్చినా వచ్చేది 180 వాట్లు. ఇంట్లో పెట్టుకునే చిన్న హీటరే 1,500 వాట్లు. కారు హీటర్ అంతకంటే కొన్ని రెట్లు ఎక్కువ వేడి ఇస్తుంది. ఆ డబ్బుతో థర్మోస్టాట్ వచ్చేస్తుంది.

గ్యాస్ స్టవ్, బొగ్గుల కుంపటి లాంటివి కారులో వెలిగించనే వద్దు. కారుని మూసిన గ్యారేజీలో స్టార్ట్ చేసి వేడెక్కించడం కూడా ప్రాణాంతకం, తలుపు సగం తెరిచినా చాలదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. మంచు బాగా కురిసిన రోజు పొగగొట్టం చుట్టూ తవ్వి తీశాకే స్టార్ట్ చేయండి. పిల్లలు లోపల కూర్చుని ఉండగా మనం బయట మంచు తవ్వుతున్నప్పుడే ఈ ప్రమాదం ఎక్కువ.

హీటర్ బాగానే ఉంది, అద్దాల మీద ఆవిరి మాత్రం పోవడం లేదు.

గాలి లోపలే తిరిగే బటన్ ఆపేసి, బయటి గాలి రానివ్వండి. ఏసీ కూడా ఆన్ చేయండి. చలిలో ఏసీ ఏమిటని అడుగుతారు, అది గాలిలో తేమను తీసేస్తుంది. బూట్ల మంచును కారు ఎక్కేముందే దులపండి.

మాది హైదరాబాద్. పాత కారులో మనాలి, లదాఖ్ వెళ్దామనుకుంటున్నాం. హీటర్ ఎప్పుడూ వాడలేదు.

మన వేడికి ఇంజన్ చల్లగా ఉండాలని కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్‌నే తీసేస్తారు. హీటర్ గొట్టాలను కోర్‌తో సంబంధం లేకుండా కలిపేసిన కార్లూ ఉంటాయి. బోరు నీళ్ళు పోసిన కార్లలో కోర్ నిండా సున్నం పట్టి ఉంటుంది. బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు పైన చెప్పిన గొట్టాల పరీక్ష చేయించి, థర్మోస్టాట్ ఉందో లేదో అడిగి, ఉత్త నీళ్ళుంటే తీసేసి కూలెంట్ నింపించండి. డిసెంబరు, జనవరిలో లంబసింగి, అరకు వెళ్ళేటప్పుడు ఒకసారి హీటర్ వేసి చూస్తే లోపం దగ్గర్లోనే తెలిసిపోతుంది.

ఆగస్టులో పాత కారు కొంటున్నాను. ఎండలో హీటర్ ఎలా పరీక్షించాలి?

చెమటలు పట్టినా పరీక్షించాల్సిందే, ఎండలో ఎవరూ చూడరు కాబట్టే హీటర్ లేని కార్లు ఆగస్టులో చేతులు మారుతాయి. మీరు వచ్చేదాకా కారు స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్ళకు ముందే చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి, చల్లగా ఉండాలి. రేడియేటర్ మూత తీసి, కూలెంట్ తేటగా అంచుదాకా ఉందో, తుప్పు రంగులో ఉందో చూడండి. పావుగంట నడిపి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి, అయిదు నిమిషాలు నిలబెట్టి ఉంచండి. నిలబడినప్పుడు కూడా గాలి చెయ్యి పెట్టలేనంత వేడిగా రావాలి. ఫ్యాన్ అన్ని నంబర్లలో తిప్పండి, కాళ్ళకు, మొహానికి, అద్దానికి గాలి మారుతోందో చూడండి. దిగేముందు ప్రయాణికుడి వైపు మ్యాటు ఎత్తి, కింద కార్పెట్‌ని అరచేత్తో గట్టిగా నొక్కి, ఆ చెయ్యి వాసన చూడండి.